తడికలు విప్పిన వేసవి

హుస్సేనమ్మ పిన్ని పేరెత్తితే ఖోర్‌లో ఎవరైనా ముందు ఆమె నోటి గురించే చెబుతారు. ఆమె వస్తోందంటే బలదియా గుమాస్తాలు టీ నెపం పెట్టి వెనక గుమ్మంలోంచి జారుకునేవారు. బలదియా అంటే అక్కడి మునిసిపాలిటీ. అంత నోరున్న మనిషి ఆ ఆఫీసులో ఒక్క సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. ఆ సంగతి నాది కాబట్టి ఎత్తలేదు.

మేమున్న ఊరు గల్ఫ్‌లో, రాస్ అల్ ఖైమా దాటి ఉత్తరంగా వెళ్తే కొండలకీ సముద్రానికీ మధ్య ఉండేది. రాతకోతల్లో పొడుగాటి పేరేదో రాసేవారు గానీ అందరూ ఖోర్ అనేవారు. ఖోర్ అంటే సముద్రపు పాయ. పోటుకి నీళ్ళు ఊరి దాకా వచ్చేవి, పాటుకి వెనక్కి పోయి నల్లటి బురద తేలేది. ఆ బురద నిండా ఉప్పునీళ్ళలో బతికే మడచెట్లు. మేం దిగిన కొత్తలో ఆ వాసన తగిలి నాకు యానాం పక్కన మా ఊరే గుర్తొచ్చి కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి. మా ఆయన భీమరాజు బలదియాలో నీళ్ళ ట్యాంకరు నడిపేవారు. ఆఫీసు వెనకాలే ఒక గది ఇచ్చారు. ఊళ్ళో తెలుగు మాట్లాడే ఆడమనిషి ఇంకొకతె ఉందని చెప్పి ఆ మొదటి వారంలోనే నన్ను ఖోర్ గట్టుకి తీసుకెళ్ళారు.

హుస్సేనమ్మ పిన్నిది యానామే. ఆమె భర్త మస్తాన్ వంటమనిషి. ఇంగ్లీషు వాళ్ళ పెత్తనం ఉన్న రోజుల్లో అక్కడొక దొర కాపురముండేవాడు. ఆయన బంగళాలో వండడానికి బొంబాయి నుంచి పడవెక్కి వచ్చారు మొగుడూ పెళ్ళాం. మస్తాన్ అక్కడే జబ్బుచేసి పోయాడు. ఆ తరవాత దొరలూ పోయారు.

"యానాంలో ఉన్నప్పుడు ఫ్రెంచోళ్ళు సర్దుకున్నారా, ఇక్కడికొచ్చాక ఇంగ్లీషోళ్ళు సర్దుకున్నారు," అని నవ్వేది. "నే కాలెట్టిన సోట దొరలు నిలవరే అమ్మాయ్."

ఆమె మాత్రం నిలిచింది. గట్టు మీద జాలర్ల ఇళ్ళ వరసలో చిట్టచివరిది, మడచెట్లని ఆనుకుని ఉన్నది ఆమె ఇల్లు. అక్కడి ఇళ్ళన్నీ ఖర్జూరపు మట్టలతో అల్లిన తడికలే. వాళ్ళ చేపలు ఉప్పేసి ఎండబెట్టేది, వాళ్ళ మేకలకి మడాకు కోసుకొచ్చేది, కాన్పులకి వెళ్ళేది. అక్కడి ఆడవాళ్ళని పెద్ద కొడుకు పేరుతో ఫలానావాడి తల్లి అని పిలుస్తారు. పక్కింటి ముసలమ్మని ఉమ్ ఖల్ఫాన్ అనేవారు, ఖల్ఫాన్ తల్లి అని. పిన్నికి పిల్లల్లేరు. అందుకని ఆమె ఒక్కతినే పేరుపెట్టి 'హుస్సేనా' అనేవారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆమె కొంచెం ఆలస్యంగా పలికేది.

నాకు అక్కడే పాప పుట్టింది. నెల నిండకుండానే పోయింది.

పసిగుడ్డుని మనలో పూడ్చే పెడతాం. కానీ ఎక్కడ పూడ్చాలి? వాళ్ళ శ్మశానం వాళ్ళది. మనవాళ్ళకంటూ ఆ ఊళ్ళో చోటు లేదు. ఎవరిని అడగాలో మా ఆయనకి తెలియలేదు. అడిగితే ఏమంటారోనని భయం, అడక్కపోతే ఇంకో భయం. గదిలో తలపట్టుకుని కూర్చుండిపోయారు. హుస్సేనమ్మ పిన్ని వచ్చి పాపకి నీళ్ళు పోసింది, తన పాత చీర చింపి చుట్టింది. "మా గుడిసెనకాల దిబ్బ మీద పెట్టండి. పోటు నీళ్ళందవు. ఎవురికీ సెప్పొద్దు. నే సూసుకుంటాను," అంది. మా ఆయన తవ్వారు. ఉమ్ ఖల్ఫాన్ తన గుమ్మంలోంచి అంతా చూసింది. మర్నాడు వెళ్ళేసరికి దిబ్బ మీద ముత్యపు చిప్పలు గుండ్రంగా పేర్చి ఉన్నాయి. ఉమ్ ఖల్ఫాన్ వాళ్ళాయన ముత్యాలకి మునిగినప్పటి చిప్పలట.

అప్పట్నుంచి పిన్ని రోజూ సాయంత్రం అక్కడ ఒక చెంబు నీళ్ళు పోసేది. నేను వెళ్ళిన రోజు నాకిచ్చేది చెంబు.

ఇక ఆ ఊరి ఆచారమొకటి చెప్పాలి. ఎండలు ముదిరేసరికి గట్టు మొత్తం ఖాళీ అవుతుంది. కుటుంబాలన్నీ కొండ కింద ఖర్జూరపు తోటల్లోకి మకాం మారుస్తాయి. వెళ్ళేముందు ఇంటి గోడలూ కప్పూ విప్పేస్తారు. తడికలన్నీ కట్లు కోసి, చుట్టచుట్టి, ఇసకలో పాతి పైన రాళ్ళు పెడతారు. గుంజలూ వాసాలూ మాత్రం అలాగే నిలబడి ఉంటాయి. వేసవి గాలి వాటి మధ్యలోంచి పోతుంది గానీ ఇంటిని ఎత్తుకుపోదు. చల్లబడ్డాక తిరిగొచ్చి తడికలు కట్టుకుంటారు. ఉత్త గుంజలు కనిపిస్తే ఖోర్ వాళ్ళకి ఇంటివాళ్ళు తోటకి వెళ్ళారని అర్థం. మనం తాళం వేసి వెళ్ళినట్టే అది.

పిన్ని ఏ వేసవీ వెళ్ళేది కాదు. ఆ దిబ్బని వదిలి కదిలేది కాదు. ఎనభై ఒకటిలో మాత్రం ఆమెకి దగ్గు పట్టుకుంది, కాళ్ళు పొంగాయి. ఉమ్ ఖల్ఫాన్ వచ్చి గొడవ చేసింది. "ఈ ఎండలో ఒక్కదానివీ చస్తావా? నా కొడుకు జీపు తెచ్చాడు, ఎక్కు," అని అరబ్బీలో తిట్టి, తనే తడికల కట్లు కోసేసింది. పిన్ని జీపులో కూర్చుని నాకు చెంబు అందించింది.

"సాయంత్రం మర్సిపోకే."

"మర్చిపోతానా పిన్నీ."

బలదియాకి అప్పుడే కొత్త ముదీర్, అంటే పెద్ద అధికారి, వచ్చాడు. వేరే దేశపు మనిషి, బాగా చదువుకున్నవాడు, ఆ ఎండలోనూ టై కట్టేవాడు. గట్టు వరసంతా తీసేసి రోడ్డు వేయాలని పై నుంచి ఉత్తర్వు. జాలర్లకి ఊరవతల సిమెంటు ఇళ్ళు కట్టించారు, చలికాలంలో ఇస్తామన్నారు. వాళ్ళు సరేనన్నారు. మనుషులు కాపురమున్న ఇంటిని మాత్రం కదపొద్దని, వాళ్ళ సంగతి తరవాత చూద్దామని ముదీర్ చెప్పాడట. ఆ మాట మా ఆయన చెవినపడింది. నాతో చెప్పలేదు. పిన్ని ఇల్లుంది కాబట్టి ఫరవాలేదనుకున్నారట. తడికలు విప్పిన సంగతి ఆయనకి తట్టలేదు. తోటలకి నీళ్ళు తోలడంతోనే సరిపోయేది ఆయనకి.

ఆ రోజు పొద్దున్నుంచీ బుల్డోజరు చప్పుడు వినిపిస్తూనే ఉంది. రోడ్డు పని అనుకున్నాను. సాయంత్రం చెంబు పట్టుకుని వెళ్ళాను.

గట్టు లేదు. వరస లేదు. ఈ చివర నుంచి మడచెట్ల దాకా నేల అలికినట్టు చదునుగా ఉంది. చివర్లో బుల్డోజరు ఆపి, దాని నీడలో కూర్చుని హన్మంతు చాయ తాగుతున్నాడు. కరీంనగర్ వైపు మనిషి, మా ఆయనతో పనిచేసేవాడు. నన్ను చూసి లేచాడు.

"ఏందక్కా, గింత ఎండల వచ్చినవ్?"

"ఇక్కడ ఇల్లుండాలి హన్మంతూ. మా పిన్ని ఇల్లు."

"ఇల్లా? ఇల్లెక్కడిదక్కా? నాలుగు కట్టెలు నిలవడి ఉండె. గోడ లేదు, కప్పు లేదు. మా ఊర్ల పశుల కొట్టం పాడువడితె గట్లనె ఉంటది. మనుషులుండే ఇండ్లు కదపకన్నడు ముదీర్ సాబ్. మనుషులు లేరాయె. యల్లా, కానియ్యి అన్నడు, దొబ్బిన."

"వేసవికి విప్పుతారు. ఊరంతా విప్పుతారు."

"నాకేమెర్కక్కా! నేనొచ్చి ఆర్నెల్లు గాలె." అతని మొహం మారిపోయింది. నా చేతిలో చెంబు చూశాడు, నేను చూస్తున్న వైపు చూశాడు. "గా వెనక దిబ్బ ఉండె. అండ్ల ఏమన్న ఉండెనా అక్కా?"

చెప్పకుండా పూడ్చామని తెలిస్తే ఆఫీసులో ఏం చేస్తారో తెలియదు. మా ఆయన ఉద్యోగం పోవచ్చు, పోలీసులు రావచ్చు.

"ఏం లేదు," అన్నాను.

చిప్పలు నేలంతా చెదిరి ఉన్నాయి. కొన్ని విరిగాయి, కొన్ని మట్టిలోంచి అంచులు చూపిస్తున్నాయి. ఎక్కడ చూసినా ఉన్నాయి. నీళ్ళు ఎక్కడ పోయాలో తెలియక చెంబు అలాగే ఇంటికి తెచ్చుకున్నాను.

ఇంట్లో ఆయన మీద అరిచాను. నేను అరిచే మనిషిని కాదు. "ముందే తెలిసి కూడా చెప్పలేదు!"

"మెల్లిగా మాట్లాడవే. గోడవతలే ఆఫీసు."

"ఆ ముదీర్‌కి చెప్పండి. ఇల్లని చెప్పండి."

"ఏమని చెప్పమంటావు? ఆవిడ నీకేమవుతుంది, నీకెందుకంత పట్టింది అంటాడు. అప్పుడేం చెప్పను?" ఆయన అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నారు, ముద్ద నోట్లో పెట్టలేదు. నాకు ఆయన మీద కోపం. ఆయనకీ తనమీద అంతేనని నాకు తెలుసు. తెలిసినా కోపం తగ్గలేదు.

కబురు తెలిసిన మర్నాడే పిన్ని తోట నుంచి మా ట్యాంకరెక్కి ఊళ్ళో దిగిపోయింది. గట్టు మీదికి వెళ్ళి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. చీర దోపుకుని నేరుగా ఆఫీసుకి నడిచింది, వెనకాలే నేను.

ఆఫీసంటే ఆ పాత దొర బంగళానే. రంగు మార్చారు, బోర్డు పెట్టారు, అంతే. మమ్మల్ని వసారాలో బల్ల మీద కూర్చోబెట్టారు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. గుమాస్తా బయటికొచ్చి "బుక్రా" అన్నాడు. రేపు రమ్మని. రేపు వెళ్తే ముదీర్ ఊళ్ళో లేడు. ఆ తరవాత వెళ్తే మీటింగు. ఆ బల్లకి ఒక కాలు పొట్టి. నేను కదిలినప్పుడల్లా పిన్ని కసిరేది.

"నిలకడగా కూకోవే. నా నడుం ఇరుగుతంది."

"నేనెక్కడ కదిలాను పిన్నీ? బల్లే కదులుతోంది."

"ఈ బల్ల మా ఆయనున్నప్పుడూ ఇంతే. దొర బాగుసెయ్యించలేదు, ఈడూ బాగుసెయ్యించడు." తలుపు వైపు గడ్డం ఎగరేసింది. "ఆడు టై కట్టుకు కూకున్నాడే, ఆ గది మా వంటిల్లు. సరిగ్గా ఆ బల్లున్న సోట మా ఆయన కోళ్ళు కోసీవోడు."

నాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చింది. నవ్వినందుకు మళ్ళీ సిగ్గేసింది.

చివరికి లోపలికి పిలిచారు. ముదీర్ చెడ్డవాడేం కాదు. కుర్చీ చూపించాడు. అంతా విన్నాడు. పిన్ని అరబ్బీ గడగడా మాట్లాడుతుంది, నాకు సగం అర్థమయ్యేది.

"అమ్మా, అక్కడ ఇల్లు లేదు," అన్నాడాయన. "నేను స్వయంగా చూశాను. ఇల్లంటే గోడలుండాలి. గోడలు లేనిది పందిరి. పందిరిని ఇల్లని ఎలా రాయను?"

"గోడలు ఇసకలో పాతి ఉన్నాయి."

"ఇసకలో గోడలా?" అని గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా ఆ ఊరివాడే. వాళ్ళమ్మ కూడా ప్రతి వేసవీ తడికలు పాతి వెళ్ళేదే. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. నాకు అతని చెంప పగలగొట్టాలనిపించింది.

"సిమెంటు ఇల్లు ఈ దేశం వాళ్ళకే ఇస్తాం," అన్నాడు ముదీర్. "మీకు కావాలంటే ఇండియాకి పంపే ఏర్పాటు చేస్తాం. అక్కడ మీవాళ్ళుంటారు కదా?"

"మావోళ్ళు ఇక్కడే ఉన్నారు," అంది పిన్ని.

"ఎవరు?"

ఆ ప్రశ్నకి ఆమె నోరు ఆగిపోయింది. నావైపు చూడలేదు. ఒక్కసారి చూసి ఉంటే నేను చెప్పేసేదాన్ని. "మా ఆయన సమాధుంది," అంది. అది నిజమే. కానీ మస్తాన్ సమాధి శ్మశానంలో భద్రంగా ఉంది, దానికీ గట్టుకీ సంబంధం లేదు. ముదీర్ అదే అన్నాడు. "సమాధికి ఏమీ కాలేదు కదమ్మా. మరి ఆ చోటే ఎందుకు?"

బయటికొచ్చాక మెట్ల మీద కూలబడి నన్ను తిట్టింది. "నువ్వెందుకొచ్చావే నా ఎనకాల? నీ మొగం సూత్తే నాకు మాట రాదు. ఇంటికి పో."

తోటకి తిరిగెళ్ళిపోయి వారం పైగా నాతో మాట్లాడలేదు. ఉమ్ ఖల్ఫాన్‌తో మాట్లాడినట్టుంది. ఒక రోజు పొద్దున్న ఆ ముసలమ్మ తోట నుంచి పిన్నినీ, ఇంకో నలుగురు ఆడవాళ్ళనీ వెంటబెట్టుకుని దిగింది. పిన్నికి తప్ప అందరికీ మొహాన బుర్ఖా, చేతుల్లో ఖర్జూరం బుట్టలు. వాళ్ళ వెనకాలే నేనూ వెళ్ళాను. వసారాలో ఆగమంటే ఆగలేదు. ముదీర్ బల్ల మీద బుట్టలు పెట్టి ఉమ్ ఖల్ఫాన్ మొదలుపెట్టింది.

"మీ దేశంలో వేసవి రాదా?"

"వస్తుందమ్మా."

"వస్తే ఏం విప్పుతారు?"

"కోటు విప్పుతాం," అన్నాడాయన నవ్వుతూ.

"కోటు విప్పితే నువ్వు మనిషివి కాకుండా పోతావా? మేం గోడ విప్పితే ఇల్లు కాకుండా పోయిందా?" ఆమె గుమాస్తా వైపు తిరిగింది. "వీడు పుట్టింది అలాంటి ఇంట్లోనే. వీడిని బయటికి లాగింది ఈ హుస్సేనా చేతులే. అడుగు వాణ్ణి!"

గుమాస్తా చెవులు ఎర్రబడ్డాయి. "నిజమే సార్," అన్నాడు నెమ్మదిగా. ఆ రెండు ముక్కలూ నెల రోజుల ముందు అని ఉంటే ఎంత బాగుండేది! ఇప్పుడు అని ఏం లాభం? నేల చదునైపోయింది.

ముదీర్ చాలాసేపు నుదురు రుద్దుకున్నాడు. తప్పు జరిగిందనలేదు, లేదనీ అనలేదు. గట్టు మీద ఇక గోడలున్న ఇల్లేదీ కట్టకూడదని ఉత్తర్వు, దాన్ని తను మార్చలేడు. వలలు బాగుచేసుకోవడానికి నీడ వేసుకోవచ్చు, దానికి అభ్యంతరం లేదు. అంతవరకే అన్నాడు. ఉమ్ ఖల్ఫాన్ ఖర్జూరం బుట్టలు తిరిగి తీసుకుని బయటికి నడిచింది.

నాకు ఏడుపొచ్చింది. ఇన్ని తిరుగుళ్ళు తిరిగితే ఇదా? పిన్ని మాత్రం వసారాలో నిలబడి ఏదో లెక్క వేసుకుంటోంది.

"నీడ ఏసుకోవచ్చన్నాడు గదా?"

"గోడలుండకూడదట పిన్నీ. గోడల్లేకుండా ఎలా ఉంటావు?"

"గోడల్లేపోతే ఇల్లు కాదన్నాడు గదే. ఇల్లు కాపోతే ఇంకేం కూలుత్తాడు?" అని చెప్పులు వేసుకుంది. "ఖలాస్. పద."

మర్నాడు మధ్యాహ్నానికి గట్టు మీద నాలుగు గుంజలు పడి ఉన్నాయి. కూల్చినవాటిలోంచి మంచివి ఏరి హన్మంతే దింపిపోయాడు. మేం వెళ్ళేసరికి ట్రాక్టరు ఎక్కుతున్నాడు.

"నువ్వేనా తెచ్చింది?" అని అడిగింది పిన్ని.

"ఏమో పెద్దమ్మా, నేను జూల్లే," అని పోనిచ్చాడు.

గుంజలు ఎక్కడ పాతాలన్నది ఇక మా ఇద్దరి తగువు. పిన్ని మడచెట్లకి దగ్గరగా వెళ్ళి కాలితో నేల గీసింది. "ఇక్కడే దిబ్బ."

"కాదు పిన్నీ. అంత దగ్గర కాదు. నీ గుమ్మంలో నిలబడితే కుడిచేతి వైపు కదా?"

"గుమ్మమేదే ఇప్పుడు, నిలబడ్డానికి?"

నేను అటు నడిచాను, ఆమె ఇటు నడిచింది. చిప్పల్ని బట్టి చెబుదామంటే అవి అంతటా ఉన్నాయి. ఉమ్ ఖల్ఫాన్‌ని అడుగుదామంటే ఆమె తోటకి వెళ్ళిపోయింది. మా ఆయన తవ్వారు కదా, ఆయనకి తెలుస్తుందని పిలుచుకొచ్చాను. ఆయన వచ్చి మడచెట్ల వైపు చూశారు, కొండ వైపు చూశారు, నాలుగడుగులు వేసి ఆగారు. మళ్ళీ వెనక్కి వేశారు. పార తీసుకుని, పిన్ని చూపించిన చోట తవ్వడం మొదలుపెట్టారు.

"అక్కడ కాదండీ, ఇంకా ఇటు," అన్నాను.

ఆయన గొయ్యి వదిలి ఇటు వచ్చారు. నాకు మళ్ళీ అనుమానమొచ్చింది. "ఉండండి, ఇంకొంచెం..."

"ఓసి నీ బండబడ, ఆ మనిషిని ఎన్ని గోతులు తవ్వమంటావే?" అని పిన్ని నా చేతిలో గుంజ లాక్కుంది. ఆయన రెండోసారి తవ్విన గోతిలో దించి, మట్టి తోసి, మడమతో తొక్కింది. దగ్గొస్తే ఆగింది, మళ్ళీ తొక్కింది.

"ఇక్కడ కాకపోతే?" అన్నాను.

"పైన కప్పేత్తాను గదా. పొద్దున్న నీడ అటు పడుద్ది, సాయంత్రం ఇటు పడుద్ది." చేత్తో కొండ నుంచి సముద్రం దాకా గీత గీసి చూపించింది. "తిరిగే నీడ గదే. రోజులో ఏదో ఒకప్పుడు దాని మీద పడక ఎక్కడికి పోద్ది? ఆ రెండో గుంజ ఇలా అందుకో."